కామెర్లు తగ్గుతుండగానే కాళ్లు పడిపోయాయి, తప్పెవరిది?

ప్రశ్న

కర్నూలుకు గంట దూరంలోని ఒక ఊరి నుంచి ఓ సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు రాయొద్దన్నారు. అందులోని సంగతులు క్లుప్తంగా ఇవి.

ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్తకు 38 ఏళ్లు, బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. తొమ్మిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు, అత్తగారు అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆగస్టు ఆఖర్లో ఆయనకు జ్వరం, వాంతులు వచ్చి, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. రక్తంలో కామెర్లను కొలిచే బిలిరుబిన్ 11, లివరు దెబ్బను చూపే ఎస్‌జీపీటీ 1,800 దాటింది. నీళ్ల ద్వారా వచ్చే కామెర్ల వైరస్, హెపటైటిస్-ఈ అని తేలింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమని, పది రోజుల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అత్తగారు మూడు రోజులు తెల్లవారుజామున పసరు తాగించి, ఉప్పు, నూనె లేని పథ్యం పెట్టారు.

తొమ్మిదో రోజు ఆయనకు అరికాళ్లలో తిమ్మిర్లు, నడుము నొప్పి మొదలయ్యాయి. "పడుకునే కొద్దీ బద్ధకం పెరుగుతుంది, లేచి నాలుగడుగులు వేయండి" అని ఆమే కసిరారట. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు బీకాంప్లెక్స్ సూది వేసి, గ్లూకోజు ఎక్కించారు. పదకొండో రోజు బాత్రూమ్ గడప దాటలేక కూలబడ్డారు. మర్నాడు కర్నూలులో ఆసుపత్రిలో చేర్చారు. కామెర్లు మెదడుకు ఎక్కాయేమోనని మొదట చూసి, కాదన్నారు. వెన్నులోంచి నీళ్లు తీసి, నరాల పరీక్ష చేసి, ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే గిలాన్ బారే సిండ్రోమ్, అంటే జీబీఎస్ అని చెప్పి ఆ రాత్రే ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అయినా ఊపిరి అందక 13 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. మొత్తం 40 రోజులకు ఇంటికి వచ్చారు.

ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. పాదాలు ముందుకు వాలిపోతున్నాయి. వేళ్లలో పట్టు లేదు, స్క్రూడ్రైవర్ తిప్పలేరు. రెండు గంటలు కూర్చుంటే సోలిపోతున్నారు.

ఇంట్లో మాత్రం వేరే గొడవ నడుస్తోంది. "వెన్నులో నీళ్లు తీయడం వల్లే నా కొడుకు కాళ్లు చచ్చుబడ్డాయి, సంతకం పెట్టింది నువ్వే" అని అత్తగారు అంటున్నారు. ఒకరోజు ఓపిక నశించి "మీ పసరు వల్లే" అని ఈమె అనేశారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు, పిల్లలే అటూ ఇటూ కబురు మోస్తున్నారు. బావగారు ఆసుపత్రి ఖర్చుకు రెండున్నర లక్షలు వడ్డీకి తెచ్చి ఇచ్చారు. ఇప్పుడు రోడ్డు పక్క సైటు అమ్మి, పక్క రాష్ట్రంలో పక్షవాతానికి నాటుమందు ఇచ్చే చోటికి తీసుకుపోదామంటారు, లేదంటే హైదరాబాదులో అదే ఇంజెక్షన్ ఇంకోసారి వేయిద్దామంటారు. బావగారు వస్తే భర్త గోడవైపు తిరిగి పడుకుంటారు. ఒకరాత్రి ఉన్నట్టుండి "నేను అన్నీ విన్నాను" అన్నారట. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

తప్పెవరిది, ఆయన మళ్లీ షాపులో కూర్చోగలరా, సైటు అమ్మాలా, తాను ఉద్యోగం మానాలా అని ఆమె అడుగుతున్నారు.

జవాబు

అమ్మా, మీ ప్రశ్నలకంటే ముందు మీరు అడగని ఒక విషయం చెప్పాలి. మూడో పేజీలో పనిభారం గురించి రాస్తూ "మా ఆడబిడ్డ తొలి కాన్పుకు నవంబరులో వచ్చింది, ఏడో నెల, నాలుగు రోజులుగా వికారమని అన్నం ముట్టడం లేదు, ఆమె పనులూ నేనే చూడాలి" అని ఒక్క వాక్యం రాశారు. అది చదివి నా గుండె ఝల్లుమంది. ఉత్తరం అందిన రోజే మీకు విడిగా కబురు పంపాను. ఈ పేజీ చదివే మిగతావాళ్ల కోసం ఇక్కడా చెబుతున్నాను.

హెపటైటిస్-ఈ చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. గర్భిణికి, అందులోనూ చివరి మూడు నెలల్లో సోకితే అలా కాదు. అలా సోకినవాళ్లలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. మొదటి మూడు నెలల వేవిళ్లు వేరు. ఏడో నెలలో కొత్తగా వికారం మొదలై అన్నం సయించకపోతే, ఆ ఇంట్లో నాలుగు నెలల కిందటే ఒకరికి కామెర్లు వచ్చి ఉంటే, "కడుపుతో ఉంది కదా, మామూలే" అనుకోకూడదు. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టే పరీక్ష (పీటీ-ఐఎన్‌ఆర్) అదే రోజు చేయించాలి. అన్నీ బాగుంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు, అయినా ఆ వికారం ఎందుకో కాన్పుల డాక్టరుకే చూపించి తేల్చుకోవాలి. తేడా ఉంటే మాత్రం ఊళ్లో నర్సింగ్‌హోమ్‌లో రోజులు గడపకుండా, కాన్పుల డాక్టరూ ఐసీయూ రెండూ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లాలి.

మీవారి నుంచి ఆమెకు అంటుకుంటుందన్న భయం వద్దు. ఈ వైరస్ మలంలో బయటికి వచ్చేది కామెర్లు కనబడ్డాక దాదాపు నాలుగు వారాలవరకే. మనిషి నుంచి మనిషికి నేరుగా పాకడమూ తక్కువ. భయపడాల్సింది నీళ్లకు. ఆయనకు వైరస్ ఏ నీళ్లలోంచి వచ్చిందో అవే నీళ్లు మీరంతా ఇంకా తాగుతుండవచ్చు. ఒంట్లోకి వెళ్లిన రెండు నుంచి పది వారాలకు జబ్బు బయటపడుతుంది కాబట్టి నవంబరులో వచ్చిన మనిషికి ఇప్పుడు రావడానికి వ్యవధి సరిపోతుంది. 1955-56లో ఢిల్లీలో మురుగు తాగునీటిలో కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. వాళ్లు తాగింది క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లే. ఆ జబ్బు హెపటైటిస్-ఈ అని చాలా ఏళ్ల తర్వాత తేలింది. అందుకే క్యాన్ నీళ్లయినా సరే, మీ ఇంట్లో అందరూ, ముఖ్యంగా ఆమె, తెర్లించి చల్లార్చిన నీళ్లే తాగండి. నీళ్లు బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు.

ఇంకో మాట. రోజు మార్చి రోజు నీళ్లు వదిలే మన ఊళ్లలో కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగే అలవాటుంది. పైపులో ఒత్తిడి లేనప్పుడు ఆ మోటారు పగుళ్లలోంచి పక్క కాలువలోని మురుగును కూడా లాగేస్తుంది. ఇది మీవారికి నాకంటే బాగా తెలుసు. మీ ఇంటికి అలాంటి మోటారు ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే తీయించండి. వీధిలో అందరూ వాడుతుంటే మీ ఒక్కరి పైపు తీసేస్తే సరిపోదు. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నీటి పరీక్షకు అర్జీ ఇవ్వండి.

ఆడబిడ్డను కాన్పు దాకా మీ ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అప్పుడు ఆమె నోట్లోకి వెళ్లే ప్రతి నీటిబొట్టుకూ మీరు కాపలా ఉండాలి. లేదా వాళ్ల అత్తగారింటి నీళ్లు మెరుగైతే కొన్నాళ్లు అక్కడికి పంపవచ్చు. తొలి కాన్పు పుట్టింట్లో జరగలేదన్న మాట పడాల్సి వస్తుంది, మీ అత్తగారికి అది బాధగానే ఉంటుంది. పరీక్ష ఫలితం చూసి ఆడబిడ్డనూ, వాళ్లాయననూ కూర్చోబెట్టుకుని తేల్చుకోండి. ఇది మీరొక్కరే మోయాల్సిన నిర్ణయం కాదు.

ఇక తప్పెవరిది అన్న ప్రశ్న. వెన్నులో నీళ్లు తీసినందువల్ల కాళ్లు పోలేదు. దీనికి పెద్ద సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. తొమ్మిదో రోజు తిమ్మిర్లు, పదకొండో రోజు కూలబడడం, పన్నెండో రోజు వెన్నుసూది. కాళ్లు పడిపోయాయి కాబట్టే ఆ పరీక్ష చేశారు. సూది గుచ్చేది నడుము కింది భాగంలో. వెన్నుపాము అంతకంటే పైనే ముగుస్తుంది. ఈ జబ్బులో ఆ నీళ్లలో ప్రొటీన్ పెరుగుతుంది, కణాలు మాత్రం పెరగవు. ఇంకో జబ్బు కాదని నిర్ధారించుకోవడానికి ఆ పరీక్ష కావాలి. మీరు సంతకం పెట్టి మంచిపని చేశారు.

పసరు వల్ల కూడా కాదు. మీరు కోపంలో అన్న మాటను వెనక్కి తీసుకోవాల్సింది ఇక్కడే. లివరు వాచి ఉన్నప్పుడు ఏ ఆకు రసమో తెలియకుండా తాగడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు. కొన్ని ఆకులు లివరును ఇంకా చెడగొడతాయి. ఉప్పు, నూనె మాన్పించిన పథ్యం మనిషిని నీరసపరుస్తుంది తప్ప కామెర్లను తగ్గించదు. కానీ ఈ రకంగా నరాలు పడిపోవడం పసరు పని కాదు. నెదర్లాండ్స్ దేశంలో 201 మంది జీబీఎస్ రోగుల రక్తం పరీక్షిస్తే, 10 మందిలో అప్పుడే సోకిన హెపటైటిస్-ఈ ఆనవాళ్లు దొరికాయి. ఈ ఫలితాలు 2014లో ప్రచురించారు. వాళ్లలో ఎవరికీ ఏ అత్తమ్మా పసరు తాగించి ఉండదు.

మరి ఎందుకొచ్చింది? ఈ సంగతి మీవారికి చెప్పేటప్పుడు ఆయన భాషలోనే చెప్పండి. వైండింగ్ తీగలో లోపల రాగి, పైన పూత. పూత కాలిపోతే రాగి బాగున్నా కాయిల్ పనిచేయదు. మన నరాలూ అంతే, లోపల తీగ, పైన కొవ్వుతో చేసిన పూత ఉంటాయి. వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు దారితప్పి, ఈ పూతనే శత్రువనుకుని పీకేస్తాయి. కామెర్లు తగ్గుముఖం పట్టినప్పుడే కాళ్లు పడిపోవడానికి కారణం ఇదేనని డాక్టర్లు భావిస్తున్నారు. 2025 జనవరిలో పుణెలో ఒకేసారి చాలామందికి జీబీఎస్ వచ్చిందని పేపర్లలో చదివే ఉంటారు. అక్కడ చాలావరకు విరేచనాలు కలిగించే ఒక బ్యాక్టీరియా దానికి దారితీసింది, మీ ఇంట్లో కామెర్ల వైరస్. హెపటైటిస్-ఈ కొందరికి ఇలా కాకుండా రెండు భుజాల్లో భరించలేని నొప్పి తెచ్చి, తర్వాత చేతులు పడిపోయేలా చేస్తుంది. అరుదుగా మెదడువాపు కూడా తెస్తుంది. హెపటైటిస్-ఏ తర్వాత కూడా, ఇంకా అరుదుగా, జీబీఎస్ వస్తుంది.

మొదటిరోజు డాక్టర్లు భయపడింది దీనికి కాదు. లివరు పూర్తిగా విఫలమైతే రక్తంలో విషాలు పేరుకుని మెదడు మందగిస్తుంది. మనిషి పగలు నిద్రపోయి రాత్రి మేలుకుంటాడు, మాట తడబడుతుంది, చేతులు చాచమంటే మణికట్లు టపటపా కొట్టుకుంటాయి, తర్వాత స్పృహ తప్పుతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లు వస్తే ఈ లక్షణాలకోసం చూడండి. ఒక్కటి కనబడినా అదే గంటలో ఆసుపత్రికి పరుగెత్తాలి. నిద్రమాత్రలు ఇవ్వకూడదు. మీవారి విషయంలో కాళ్లూ చేతులూ ఊపిరీ పోయాయి, తెలివి మాత్రం చెక్కుచెదరలేదు.

మీ తప్పు గురించి కూడా రాశారు. "నేను కసరకుండా ఆ రోజే తీసుకెళ్లి ఉంటే" అని నాలుగుచోట్ల రాశారు, లెక్కపెట్టాను. నిజం చెబుతాను. బలహీనత మొదలైన రెండు వారాల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. మీవారికి నాలుగో రోజే మొదలైంది. ఊపిరి ఆగకముందే ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నారు, ప్రాణం నిలిచింది దానివల్లే. రెండు రోజులు ముందు వెళ్లి ఉంటే వెంటిలేటర్ తప్పేదా అంటే, తప్పేదని ఒట్టేసి చెప్పగల డాక్టరు లేడు. మందు పడ్డాక కూడా ఈ జబ్బు కొన్నాళ్లు ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో ఆగుతుంది. బీకాంప్లెక్స్ సూది మేలూ చేయలేదు, కీడూ చేయలేదు, ఒక రోజు నిశ్చింతగా ఉండేలా మాత్రం చేసింది. కామెర్లో, జ్వరమో, విరేచనాలో వచ్చిన తర్వాత అరికాళ్ల తిమ్మిరి పైకి పాకుతుంటే, గొంతుకూర్చున్న మనిషి పైకి లేవలేకపోతుంటే అది నీరసం కాదని మన దగ్గర ఎవరూ చెప్పరు. తెలియకపోవడం నేరం కాదమ్మా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరు ఉత్తరంలో రెండు విషయాలు వేర్వేరు పేజీల్లో రాశారు. రెండో పేజీలో, ఐసీయూలో చూడ్డానికి వెళ్లినప్పుడు బావగారు మంచం పక్కనే నిలబడి "ఇంక మనిషి దక్కేట్టు లేడు, సైటు కాగితాలు యాడున్నాయి?" అన్నారని. నాలుగో పేజీలో, మీవారు "నేను అన్నీ విన్నాను" అన్నారని. ఈ రెంటినీ కలిపి చూడండి.

ఈ జబ్బులో మనిషి కదల్లేడు, గొంతులో గొట్టం ఉంటుంది కాబట్టి మాట్లాడలేడు, ఒక్కోసారి ముఖం, కళ్ల నరాలు కూడా పడిపోయి కళ్లు కూడా సరిగా కదపలేడు. చూసేవాళ్లకు స్పృహలో లేనట్టు కనబడతాడు. మత్తుమందు ఇవ్వని సమయమంతా లోపల పూర్తిగా మేలుకునే ఉంటాడు. చెవులు బాగా పనిచేస్తాయి. దోమ వాలితే తెలుస్తుంది, తోలుకోలేడు. అలాంటి 13 రోజుల్లో తన మంచం పక్కన తనను పోయినవాడి లెక్కలో వేసి, సైటు గురించి మాట్లాడటం విన్న మనిషి, ఆ సైటు అమ్మి నిన్ను బాగుచేయిస్తామని అదే గొంతు చెబితే గోడవైపు తిరగడంలో ఆశ్చర్యం ఏముంది? బావగారు దుర్మార్గుడని నేననడం లేదు. వడ్డీకి తెచ్చి రెండున్నర లక్షలు పెట్టిన అన్న ఆయన. భయపడ్డారు, అప్పు గుర్తొచ్చింది, వినబడదనుకుని నోరు జారారు. కానీ తమ్ముడికి వినబడింది.

మీరు ఇంకోటి కూడా రాశారు. ఆ రోజుల్లో ఆయన పాదాలు పట్టుకుని, "లేచి నడవమని నేనే తిట్టాను" అని ఏడ్చేదాన్నని. ఆ మాటా ఆయన విన్నారమ్మా. మీ పశ్చాత్తాపం ఆయనకు మొదటినుంచీ తెలుసు. ఇంటికి వచ్చి రెండు నెలలవుతున్నా ఆ విషయం మీద ఒక్కసారీ మిమ్మల్ని ఒక్క మాట అనలేదని మీరే రాశారు.

అందుకే అడగండి. పిల్లలు పడుకున్నాక, ఆయన అలసట తీరిన వేళ, పక్కన కూర్చుని "ఆసుపత్రిలో ఏమేం విన్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. ఆయన ఏడవచ్చు. కోపం మీ మీదకే తిరగవచ్చు. రోజుల తరబడి మళ్లీ మౌనంగా ఉండవచ్చు. అడగకుండా వదిలేయడం ఇంకో దారి. కొందరు మగవాళ్లు వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటారు, దానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు అన్నదమ్ముల మధ్య గోడ గట్టిపడుతుంది. నేనైతే అడగడమే మేలంటాను. ఆయన చెప్పాక, బావగారితో మాట్లాడాల్సింది మీరా ఆయనా అన్నది ఆయననే తేల్చనివ్వండి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నా, తిండి మానేస్తున్నా, బతికి ఏం లాభం అన్న మాట నోటివెంట వచ్చినా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఐసీయూలో అన్ని రోజులు గడిపినవాళ్లకు ఇలాంటివి వస్తుంటాయి, మందులకూ మాటలకూ తగ్గుతాయి.

ఇంకోటి ఆలోచించండి. మీరూ అత్తగారూ పసరా, సూదా అని వాదించుకునేదీ ఆయన మంచం పక్కనే. మనకు గొడవ నచ్చకపోతే లేచి బయటికి పోతాం. ఆయన పోలేరు.

అత్తగారితో మాటలు కలపడానికి మీరే ముందు "పసరు అన్నది నా తప్పు" అనవచ్చు. అందులో చిక్కుంది, మీరు సూది విషయంలోనూ తప్పు ఒప్పుకున్నట్టు ఆమె తీసుకోవచ్చు. దానికి బదులు, వచ్చే రివ్యూకి ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లి, "డాక్టరుగారూ, పసరు వల్లా కాదు, సూది వల్లా కాదు అని మా అత్తమ్మకు మీ నోటితో చెప్పండి" అని అడగవచ్చు. ఒకేసారి ఇద్దరికీ విముక్తి దొరుకుతుంది. ఆ తర్వాత ఆమె చేతికి పని ఇవ్వండి. కొడుకు పడిపోయిన తల్లి ఏదో ఒకటి చేయకుండా కూర్చోలేదు, పసరు తాగించిందీ అందుకే. రోజుకు రెండుసార్లు పాదాన్ని వెనక్కి మెల్లగా వంచి, పిక్కనరం బిగుసుకోకుండా సాగదీయడం ఫిజియోథెరపిస్టు దగ్గర ఆమెకు నేర్పించండి. గోరువెచ్చని నూనెతో తేలిగ్గా రాయనివ్వండి. నూనె వేడి మాత్రం మీ మోచేతి మీద చూసుకోవాలి, ఆయన చర్మానికి ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు, కాలినా తెలియదు. ఉప్పు, నూనె, పప్పు అన్నీ పెట్టమనండి. సంగటి, పప్పు, చెనక్కాయల ఊరిమిండి, గుడ్డు, ఏదైనా తినవచ్చు. కండ పట్టాలంటే తిండి కావాలి.

ఇక సైటు. హైదరాబాదు వెళ్లి అదే ఇంజెక్షన్ ఇంకో కోర్సు వేయించడం కోసమైతే అమ్మొద్దని గట్టిగా చెబుతున్నాను. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు వెంటనే రెండో కోర్సు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. అదనపు మేలు కనబడలేదు, రక్తం గడ్డలు కట్టడం వంటి ప్రమాదాలు పెరిగాయి. ఆయనకైతే దాడి ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు జరుగుతున్నది మరమ్మతు. ఒక మినహాయింపు ఉంది. బాగవుతూ వచ్చిన మనిషికి మళ్లీ బలం తగ్గడం మొదలైతే, మొన్న పట్టుకున్న గ్లాసు ఇవాళ జారిపోతుంటే, అది దీర్ఘకాలం సాగే వేరే రకం కావచ్చు. దానికి చికిత్స వేరు. అప్పుడు ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవాలి.

నాటుమందుకు వెళ్తే? జీబీఎస్ పక్షవాతం కాదు. పక్షవాతంలో దెబ్బ మెదడుకు, ఇందులో బయటి నరాలకు. అక్కడ బాగైనవాళ్లున్నారని చెబుతారు, నిజమే కావచ్చు. జీబీఎస్ వచ్చినవాళ్లు చాలామంది ఆ నెలల్లో ఎలాగూ కోలుకుంటారు, పేరు మందుకు వస్తుంది. నా భయం లివరు గురించి. అదిప్పుడిప్పుడే కోలుకుంది, పేరు చెప్పని కషాయాలు, భస్మాలు దాని మీద పడితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. బావగారి మాట కాదనలేక వెళ్లాల్సే వస్తే, పైపూతకు ఒప్పుకోండి, లోపలికి ఏదీ తీసుకోబోమని ముందే తేల్చుకోండి.

మూడో దారి కర్నూలే. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో న్యూరాలజీ, ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. క్యూలో నిలబడాలి, ప్రయాణం ఆయనను అలసగొడుతుంది. వారానికి ఒకసారి వెళ్లి వ్యాయామాలు నేర్చుకుని, మిగతా రోజులు ఇంట్లో చేయించవచ్చు. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టు దొరికితే సుఖం, నెలనెలా ఖర్చు. మీ అప్పును బట్టి చూసుకోండి. పాదం వాలిపోకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ వెంటనే చేయించండి, నడక చాలా మారుతుంది, పడిపోవడం తగ్గుతుంది. బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, పాశ్చాత్య కమోడ్ పెట్టించండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏమేం వస్తాయో అడగండి. ఏడాది దాటినా వైకల్యం మిగిలితే సదరం సర్టిఫికెట్ గురించి ఆలోచించవచ్చు. ఇప్పుడే ఆ మాట ఆయన ముందు ఎత్తకండి.

మళ్లీ షాపులో కూర్చుంటారా అన్నారు. డిశ్చార్జి కాగితంలో "ఏఐడీపీ" అని ఉందని రాశారు. అంటే ప్రధానంగా దెబ్బ తగిలింది పూతకు, రాగికి తక్కువ. ఇది మంచి కబురు. పూత తిరిగి ఏర్పడుతుంది. లోపలి తీగ తెగినచోట మాత్రం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలి. నడుము నుంచి పాదం ఎంత దూరమో లెక్కేసుకోండి, అందుకే పాదాలు, వేళ్లు ఆఖరున కోలుకుంటాయి. జీబీఎస్ వచ్చినవాళ్లలో ఆరు నెలలకు నూటికి దాదాపు 80 మంది ఆసరా లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, ఆ సంగతి దాచను. ఏడాది, రెండేళ్ల దాకా మెరుగు కనబడుతూనే ఉంటుంది. మళ్లీ వచ్చేది నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి మాత్రమే. అలసట అన్నిటికంటే మొండిది, నడక వచ్చాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు మిగిలిపోతుంది. దాన్ని బద్ధకం అనకండి. వ్యాయామం మర్నాటికి కూడా ఒళ్లు లేవనంత చేయించకండి, కొద్దికొద్దిగా రోజుకు నాలుగుసార్లు మేలు.

షాపు మూసేస్తే అద్దె మిగులుతుంది, కానీ పాత రైతులు వేరే షాపుకు అలవాటుపడతారు. పనితెలిసిన కుర్రవాడికి వాటా ఇచ్చి నడిపిస్తే రాబడి తగ్గుతుంది, కొంత మోసమూ జరగవచ్చు, పేరు మాత్రం నిలుస్తుంది. నాకు రెండోదే నచ్చింది, ఇంకో కారణం కూడా ఉంది. చేయి పనిచేయకపోయినా ఏ మోటారుకు ఎన్ని చుట్లు, ఏ గేజీ తీగ అన్నది ఆయన తలలో ఉంది. రోజుకు ఒక గంట కుర్చీలో కూర్చుని చెప్పగలరు. సన్నతీగ పట్టుకుని చుట్టడం కంటే మంచి వేళ్ల వ్యాయామం నేను కూడా చెప్పలేను. మీ ఉద్యోగం మానొద్దు. ఇంట్లోకి ఖాయంగా వచ్చే జీతం అదొక్కటే. ఈ ఏడాది ట్యూషన్లు మానేయండి, మధ్యాహ్నం ఒక గంట ముందు వదలమని స్కూల్లో అడిగి చూడండి.

పిల్లల గురించి ఒక్క మాట. కామెర్ల టీకా వేయించమంటారా అని చివర్లో అడిగారు. మన దగ్గర దొరికేవి హెపటైటిస్-ఏ, బీలకు టీకాలు. వేయించడం మంచిదే, పిల్లల డాక్టరును అడగండి. మీవారికి వచ్చిన ఈ-రకానికి మాత్రం అవి పనిచేయవు. దానికి మరిగించిన నీళ్లే దిక్కు.

ఆడబిడ్డ రిపోర్టు రాగానే, మంచి కబురైనా కాకపోయినా, నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.